లీవ్

గ్రిమ్స్‌బీ. చేపల రేవు వెనక వీధి.
పాత బట్టల దుకాణంలో లెతెబ్రహన్‌ది జీతం లేని పని.
హ్యాంగర్లకి కోట్లు తగిలించాలి,
ముందు జేబులు తడమాలి:
ఎవరివో బస్సు టికెట్లు, ముద్దయిన రుమాళ్ళు,
ఒకసారి ఒక పాలపన్ను.

మొదటి వారమే నోట్‌బుక్కులో రాసుకుంది.
లీవ్: వెళ్ళిపోవడం.
తన లిపిలో, అవతలి పేజీకి దిగబడేంత గట్టిగా.
ఆ అర్థం ఒకరు నేర్పక్కర్లేదు ఆమెకి.

మాట ఊరుకుంటుందా మరి.
తలుపు మీద అట్టముక్క: సంచులు ఇక్కడ లీవ్ చేయకండి.
తెల్లారి చూస్తే ఏడు సంచులు, వానకి ఉబ్బి.
కీత్ భార్య కీత్‌ని లీవ్ చేసింది,
కుక్కని మాత్రం వెంట తీసుకెళ్ళింది.
ఇస్త్రీపెట్టె చేతిలోంచి లాక్కుంటూ డోరీన్
లీవ్ ఇట్, అంటుంది.
అంటే, రా, టీ తాగు.
కప్పు అడుగున ఆకులకీ దాదాపు అదే పేరట!
బిస్కెట్లు ఎన్ని లెఫ్ట్?
రెండు.

పోయినదానికీ మిగిలినదానికీ
ఒకటే మాటేమిటి అని అడిగింది ఓ రోజు.
డోరీన్ బిస్కెట్టు టీలో ముంచి, మరిచిపోయి,
అది విరిగి మునిగాక అంది:
డెబ్బై ఏళ్ళ నోరమ్మా ఇది, ఎప్పుడూ తట్టలేదే.

మార్చిలో కవరు వచ్చింది.
లీవ్ టు రిమెయిన్.
మొదటి మాట తెలుసు. చివరిదీ తెలుసు.
రెండూ ఒకే వాక్యంలో కాపురం చేయడం
ఇదే చూడటం.
వెళ్ళిపో, ఉండటానికి.
ఎక్కడికి, మళ్ళీ?
కోట్ల కింద నేల మీద కూలబడింది.
కస్సాలాలో ఒక గది, ట్రిపోలీలో ఒక గోడౌను,
కలేలో తడి పరుపు
లేచి వరసలో నిలబడ్డాయి, పేరు పిలిస్తే పలకడానికి.

డోరీన్ కళ్ళద్దాలు వెతుక్కుంది.
అవి నెత్తి మీదే ఉన్నాయి.
రెండుసార్లు చదివింది, రెండోసారి వేలు పెట్టి.
ఇది పోవడం కాదే పిల్లా,
పాతకాలపు మాట. సెలవు.
ఉండటానికి సెలవిచ్చారు నీకు.
ఐదేళ్ళకి, అని కాస్త మెల్లగా.

కీత్ ముక్కు చీదాడు. కుక్క జ్ఞాపకమొచ్చి, అన్నాడు.

గంట మోగింది. లోపలికొచ్చినామె గొడుగు విదిలించి
నీలం కోటు చూపించి అడిగింది,
ఇంకో సైజు ఉందా?
లెతెబ్రహన్ మోకాళ్ళు దులుపుకుని లేచింది.
లేదండీ, అంది.
ఇదొక్కటే లెఫ్ట్.