ఐమూల కర్ర

కమ్మి రాలేదు.
మొన్నా రాలేదు, నిన్నా రాలేదు.
బట్రహళ్లి అంగడివాడు ఫోనెత్తి
"లారీలు హొసకోట దగ్గరే నిలిచిపోయినాయక్కా" అని పెట్టేస్తాడు.
రేటు మాత్రం ఎక్కడా నిలవలేదు.
అది రోజూ వస్తోంది,
పాల ప్యాకెట్టు కంటే ముందు.

మేడ మీద నాలుగంగుళాల దిమ్మెల గోడ
ఏడడుగులు లేచి, పట్టుకునే స్తంభం లేక
ఒంటరిగా నిలబడింది.
మృగశిర కార్తె గాలి.
కింద గదిలో, మిషను మీద ఆగిన జాకెట్టులా
నేనూ కచ్చా కుట్టు మీదే ఉన్నాను.

అద్దెకున్న ఒరియా కుర్రాడు వెదురు కడదామన్నాడు.
పక్కింటి రోజలిన్ టీచరు ప్లైవుడ్ కొట్టించమంది.
మా తమ్ముడు ఆపేయమన్నాడు,
వాడు దేనికైనా అదే అంటాడు.

కంబగిరప్ప మేస్త్రిది గోరంట్ల పక్క పల్లె.
ఇరవై ఏళ్లుగా బెంగుళూరులో
కన్నడంలో తిడతాడు, తెలుగులో కొలుస్తాడు.
ఎద్దును తట్టినట్టు గోడను తట్టి
"బెదిరిందమ్మా" అన్నాడు.

నా చేతిలోని కమ్మి అంగడి కొటేషను తీసుకుని
నేల మీద నిలబెట్టాడు. పడింది.
నిలువునా మడిచి మళ్లీ నిలబెట్టాడు.
నిలబడింది,
టన్నుకింత అని రాసిన అంకెలన్నీ మోసుకుని.
"బరువు కాదమ్మా, మడత.
ఈ చివర రెండడుగులు లోపలికి తిప్పుదాం.
గది కొంచెం పోతాది, గోడ మిగులుతాది."

గది పోవడమంటే
నా బీరువా చోటు పోవడం.
అరగంట పోట్లాడినాను.

రెండో చివరకి నీలగిరి కర్రలడిగాడు.
సెంట్రింగువాళ్ల దగ్గర అవీ లేవు.
నాలుగు చీపురు పుల్లల్ని దారంతో చదరంగా కట్టి
మా మురహరికిచ్చి "తొయ్యి" అన్నాడు.
ఒరిగింది.
ఐదో పుల్ల ఐమూలగా కట్టి "ఇప్పుడు?" అన్నాడు.
మురహరి పళ్లు బిగించి తోశాడు.
పుల్ల విరిగింది గానీ ఒరగలేదు.

ఐదో పుల్లకి మాత్రం ఇనుమెక్కడిది?
మేస్త్రి చూపు మెట్ల కింద మంచం మీద పడింది.
మా ఆయన రెండేళ్లు లేవకుండా పడుకున్నది.
ఇప్పుడెవరూ పడుకోరు,
పాత సామాన్లవాడికి వెయ్యనూ వెయ్యం.
"కొయ్యనా?"
నేను తలెత్తకుండా గుండీలు కుడుతున్నాను.
కాసేపటికి కోత మిషను మోగింది.

ఆ రాత్రి వాన.
వీధంతా కరెంటు పోయింది.
మేడ మీద ఇనుము ఒక్కసారి కిర్రుమంది,
మంచం మీద మనిషి
అటునుంచి ఇటు తిరిగినట్టు.
ఆ తర్వాత వాన చప్పుడే.

ఆషాఢం చివర్లో కమ్మి వచ్చింది.
స్తంభాలు లేచాయి, పైన కప్పూ పడింది.
ఐమూల పట్టీ ఇంకా గోడకే ఉంది.
దాని మీద సుద్దముక్కతో
మురహరి ఎత్తు కొలుచుకుంటాడు.
క్లాసులో అందరికంటే తానే పొడుగంట.
ఏటవాలు మీద కొలిస్తే ఎవరైనా పొడుగేరా, అంటే వినడు.

కంబగిరప్పకి ఫోను చేసి
పట్టీ తీసెయ్యమనాలి.
చేస్తాను.
ఈ పెళ్లి జాకెట్లు అయిపోనీ.