పదోది

చూడదగ్గ ప్రదేశాలు పది రాసుకు రమ్మన్నారట
కెజియా వాళ్ళ సోషల్ టీచరు.
పదా! మన నర్సాపురంలోనా!
దారం పంట కొరుకుతూనే నవ్వేశాను.
యాభై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను గానీ
ఊరెప్పుడూ నా వీపు వెనకే ఉంది.
చూపంతా లేసు సూది ముక్కు మీద.

ఆదివారం ఆరాధన అయ్యాక
సత్తిపండు ఆటో మాట్లాడుకున్నాం, నాలుగొందలకి.
"ఏం చూపించమంటారండి?"
"చూడదగ్గవి."
తల గోక్కున్నాడు.
ముందు పెట్రోలు బంకుకి పోనిచ్చాడు.

ఒకటి, రైల్వే స్టేషను.
పట్టాలు ఇక్కడితో సరి.
చివర్న ఒక దిమ్మ, దిమ్మ వెనక గడ్డి,
తాడు చాలినంత మేర మేస్తున్న దూడ.
రాత్రంతా పరిగెత్తొచ్చిన బండి
ఇంక పోవడానికి చోటు లేక నిలబడి ఉంది.
"మన ఊరి తర్వాత ఏమీ లేదా అత్తా?"
"సముద్రం ఉంది కదే."
"అది ప్రదేశమా?"
సత్తిపండూ నేనూ మొహాలు చూసుకున్నాం.

రెండు, వలంధర్ రేవు.
ఎప్పుడో వలందులు ఓడలు దిగిన చోటు.
బట్టల మూటలు పట్టుకుపోయారు,
పేరు మాత్రం మర్చిపోయి వెళ్ళారు.
ఇవాళ ఒకాయన మోటారుసైకిలు కడుగుతున్నాడు.
సబ్బు నీళ్ళు పడకుండా
పిండాలు పెట్టేవాళ్ళు కాస్త ఎగువకి జరిగారు.

మూడు, మిషనాసుపత్రి.
నేను పుట్టిన వార్డుకి తాళం.
కిటికీలోంచి చూస్తే
ఒకదాని మీద ఒకటెక్కిన ఇనప మంచాలు.
ఇది చూడదగ్గదేనా అని నేననేలోపే
కెజియా రాసేసుకుంది.

నాలుగు, లేసు ఎగుమతుల మేడ.
ముప్పయ్యేళ్ళు గుమ్మం దాకానే వచ్చాను,
తూకమేసి, లెక్కగట్టి, డబ్బులు చేతిలో పెట్టే గుమ్మం.
పిల్లతో ఉన్నానని గుమస్తా లోపలికి రానిచ్చాడు.
అద్దాల బీరువాలో పాలనురగలాంటి బల్లగుడ్డ,
అంచు చుట్టూ ద్రాక్షగుత్తులు.
ఈ మూల, మూడో గుత్తిలో, ఒక కన్ను తప్పింది.
అది నా చెయ్యే.
చికెన్ గున్యా వచ్చి వేళ్ళు వంగని ఏడాది.
అద్దమ్మీద వేలు ఆనించి చూపించాను,
"ఇదిగోనే, ఇక్కడున్నాను."
"ముట్టుకోకండమ్మా, మరకలు పడతాయి" అన్నాడు గుమస్తా.

అయిదు, వంతెనకి వేసిన శంకుస్థాపన రాయి.
పేర్లు చెరిగాయి. తేదీ మిగిలింది.
పైన ఎవరో మెత్తళ్ళు ఆరబోశారు.
"వంతెనేదీ?"
"రాయి మొలకెత్తాలి కదా!"
పక్కనే ఇంకో రాయి, ఇంకో తేదీ.
దాన్ని ఆరు కింద వేసుకుంది. గడుసుది.

ఏడూ ఎనిమిదీ ఎండలో ఎలా అయిపోయాయో.
ఒకటి గోపురం.
ఒకటి గోళీసోడా కొట్టు, దాని పట్టుదల మీద.

తొమ్మిదోది సత్తిపండు చెప్పాడు.
"ఊరు చూడాలంటే అవతలొడ్డుకెళ్ళాలండి, ఆయ్."
ఆటోతో సహా పంటు ఎక్కించేశాడు.
సఖినేటిపల్లి రేవులో దిగి వెనక్కి తిరిగాను.
ఇంతేనా!
కొబ్బరి తలల మీద రెండు సెల్ టవర్లు,
ఒక నీళ్ళ ట్యాంకు, అగ్గిపుల్లంత శిలువ.
బొటనవేలు అడ్డం పెడితే నా బతుకంతా మరుగైపోయేలా ఉంది.
పెట్టాను.
తీశాను.
అక్కడే ఉంది.

తిరిగొస్తుంటే నడి ఏట్లో
ఇసక మేట తగిలి పంటు కూర్చుండిపోయింది.
ఆటు మీదుంది గోదారి.
పోటు తిరిగితే గానీ కదలదని
సరంగు బీడీ ముట్టించాడు.
చేపలావిడ గంప బోర్లించి దానిమీదే చతికిలబడింది.
పెళ్ళికి వెళ్ళాల్సిన కొత్త పంచె ఒకటి
ఫోనులో ఎవర్నో తిడుతోంది,
సిగ్నలు పోయాక గోదార్ని.

నేను సంచిలోంచి సూదీ దారం తీశాను.
వేళ్ళకి దారి తెలుసు, కళ్ళతో పనిలేదు.
కళ్ళని ఊరి మీదే ఉంచి అల్లుతున్నాను.
ఒడ్డున దీపాలు వెలుగుతున్నాయి,
కొన్నిచోట్ల వెలగడం లేదు,
ఆ చీకట్లు కూడా డిజైనులో భాగంలాగే ఉన్నాయి.

కెజియా పెన్ను కొరుకుతోంది.
"పదోదత్తా?"

"ఉండవే. పోటు రానీ."