మూడు మెట్లు

నిన్న పదిహేడో నిబంధన పోయింది.
పోయిందంటే, పెద్ద గొడవేమీ జరగలేదు.
ఏడు నిమిషాలు పట్టింది కమిటీకి.
"ప్రతి కార్మికుడు" అన్న చోట
"పౌరుడైన ప్రతి కార్మికుడు" అని ఒక మాట దూర్చి
నీళ్ల సీసాల మూతలు తిప్పుకుంటూ
పద్దెనిమిదిలోకి వెళ్లిపోయారు.

ఫర్వానియాలో, ఇస్త్రీ కొట్టు పక్కన,
రాయచోటి మదరసాలో దిద్దుకున్న అరబ్బీతో
అకామా కాగితాలు, జీతం రాలేదన్న అర్జీలు
కొడుతుంటాను, పేజీకి అర దీనారు.
ఒక మాట ఎక్కడ ఇరికితే
ఎవరి బతుకు ఎటు జారుతుందో
కళ్లకంటే ముందు వేళ్లకు తెలిసిపోతుంది.

పద్నాలుగు నెలలు. నూట అరవై వేలిముద్రలు.
అందులో ఒకటి ఓబులేసుది.
సున్నం కళ్లు తినేసినవాడు,
ఎక్కడ వెయ్యాలో నేనే పట్టి చూపించాను.
ఇంకొకటి కాలి బొటనవేలిది.
ప్రెస్సు మిషను చేతులు రెండూ తీసుకున్న పిల్లాడు.
చెల్లదన్నాడు గుమాస్తా.
చెల్లాలని దానికి వేరే అర్జీ పెట్టాం.

రాత్రి ఫైలు మూసి "పాతవి"లో పడేశాను.
అన్నం సహించలేదు.
ఏసీ కింద బకెట్టు నిండి పొర్లినా లేవలేదు.

తెల్లారి షట్టరు ఎత్తేసరికి కింద కొమ్రెల్లి.
మా కొట్టుకి మూడు మెట్లు.
ఇరవై రెండో అంతస్తు దాకా పరంజా కట్టినవాడు
ఈ మూడూ వెనక్కి తిరిగి కూర్చుని
చేతుల మీద ఎక్కుతాడు.
ముందుగా చంకకర్రలు నాకందిస్తాడు,
ఇంటికొచ్చిన చుట్టం గొడుగు అందించినట్టు.

"ఏంది దస్తగిరమ్మా, దుకాణం బందు వెట్టినవా?"
"పోయింది కదన్నా."
"ఏం పోయింది?"
తెరమీద వేలు పెట్టి చూపించాను,
ఇదిగో, ఇక్కడ, ఈ మాట.
అరబ్బీ రాదు అతనికి. అయినా చాలాసేపు చూశాడు,
మేస్త్రీ గోడకి తూకం చూసినట్టు.

"గీ ఒక్క మాటనేనా?"
"ఒక్కటే."
"కాలు మల్ల మొలువది.
మాట మల్ల మార్వొస్తది గద."

నేనేమీ అనలేదు.
చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.
కమిటీ మళ్లీ కూర్చునేది రంజాన్ పోయాక.
వకీలు ఈజిప్టు వెళ్లిపోయాడు.
నూట అరవైలో అరవై మందిని
చేతిలో టికెట్టు పెట్టి పంపేశారు.
కొమ్రెల్లి అకామా ఇంకో నలభై రోజులే.
అది అతనికి తెలుసు.
నాకు తెలుసన్నదీ తెలుసు.

ఇక్కడ ఏ కిటికీ దగ్గరైనా "బుక్రా" అంటారు.
రేపు రా.
ఆ మాట విని మనవాళ్లంతా తిట్టుకుంటూ తిరిగొస్తారు.
కొమ్రెల్లి ఒక్కడే దాన్ని
పెద్దమనిషి ఇచ్చిన మాటలా తీసుకుంటాడు.
"రమ్మన్నరు గద. పోదాం."

జేబులోంచి అర దీనారు తీసి
కీబోర్డు పక్కన పెట్టాడు.
వద్దన్నాను.
"ఊకెనే కొట్టిస్తే అది బిచ్చం కాయితం.
పైసలిస్తెనే అర్జీ."
తీసుకున్నాను.
రసీదు అడిగాడు, ఇచ్చాను.

కొత్త పేజీ. తేదీ.
"గౌరవనీయులైన" అన్న మాట
ఈసారి కాస్త గట్టిగానే కొట్టాను.

మధ్యాహ్నం ఇస్త్రీ కొట్టు బెంగాలీ అబ్బాయి
ఎక్కడిదో పాత తలుపు చెక్క మోసుకొచ్చి
మెట్ల మీద వాల్చాడు, ఎవరూ అడక్కుండానే.
కొమ్రెల్లి చూసి పకపకా నవ్వాడు.
"గింత నిట్టగుంటే మేక గుడ ఎక్కది."
ఇంకో రెండు మూరల పొడుగు కావాలట.
కొలత చెప్పాడు.
చేతికందిన కాగితం వెనకే రాసుకున్నాను,
తర్వాత చూస్తే అది అర్జీ మొదటి పేజీ.