రొమ్మెత్తు కొలత

కంబదూరు రోడ్డు దిగినాక, గుట్ట వాలులో
నాలుగెకరాల తోపు మాది.
కానుగ, నారేపి, గట్టు పొడుగునా సీతాఫలం.
వరసగా మూడేండ్లు శెనక్కాయ ఎండిపోయినాక
నాగలి పక్కన బెట్టి నాటిన చెట్లు.

నిన్న ఒక పిల్లోడు వచ్చినాడు,
మెడలో కార్డు, చేతిలో టేపు.
"చెట్టును రొమ్మెత్తున కొలవాలవ్వా" అన్నాడు.
ఎవరి రొమ్ము నాయనా?
నీ టేపు నిలిచిన చోటు నాకు గడ్డం.

నవ్వినాడు. చుట్టుకొలత ఫోన్లో రాసుకున్నాడు,
యాభై నాలుగు, అరవై ఒకటి, డెబ్బై.
ప్రతి చెట్టుకూ పసుప్పచ్చ రంగుతో ఒక నంబరు.

మా ఆయప్ప జానలతో కొలిచేటోడు.
మూడున్నర జానలు దాటితేనే గొడ్డలి.

"మీ చెట్లు మింగిన పొగకు
యాడో ఉండే కంపెనీలు డబ్బులిస్తాయవ్వా.
ముప్పై ఏండ్లు కొయ్యకుండా ఉంటే చాలు."

నేను సంతలు చూడందాన్ని కాదు.
కానుగ గింజలతో బస్సులు నడుస్తాయని
ఒక ఏడు ఊరూరా చాటించిరి.
గోతాలు గోతాలు ఏరినాం.
రెండో ఏడు కొనేటోడు రాలేదు,
వాడి కాటా మాత్రం మా వసారాలో వేలాడుతాంది.
సీతాఫలాలు దాంట్లోనే తూస్తా.

ముప్పై ఏండ్లకు నాకు తొంభై.
సరే, అది వదిలేయ్.
కొయ్యనని ఎట్ల రాసిస్తా?
ఏటా ఒక సాలు కోస్తాం.
మోడు చిగురిస్తే రెండు కొమ్మలుంచి తక్కినవి తుంచేస్తాం.
గింజ రాల్చే తల్లిచెట్లు తొమ్మిది, వాటి జోలికి పోం.
పోయినేడు కోసిన సాలు
హిందూపురంలో మనవరాలి నర్సింగు ఫీజు అయింది.
కొయ్యబట్టే ఇది తోపుగా ఉంది నాయనా,
లేకుంటే ఎప్పుడో ప్లాట్లయ్యుండు.

పిల్లోడు ఫోన్ అటూ ఇటూ జరిపి చూసినాడు.
"కోసి పెంచేదానికి దీంట్లో గడి లేదవ్వా."
గీయించుకోని రా అంటి.
కడుపునిండా సీతాఫలాలు తిని,
గింజలు దోసిట్లో పట్టుకోని
యాడ వేయాలని అడిగినాడు.
మంచోడే.

పొద్దున గొడ్డలి తీసుకోని పోయినా.
ఈ ఏటి సాలులో ముప్పై ఏడో నంబరు.
రంగు ఇంకా చేతికి అంటుతాంది.
జానలు వేసినా, మూడున్నర దాటింది.
దాటింది గానీ
నా జాన చిన్నది.
ఆయప్ప చేతి లెక్కన
ఇంకా నాలుగు వేళ్ళు తక్కువే.

గొడ్డలి భుజానేసుకోని
తిరుక్కోని వచ్చేస్తి.