మడిమె మలుపు

పొద్దుగాల నాలుగింటికి జబల్ అలీ బస్సు.
బయట అప్పటికే ముప్పై ఆరు డిగ్రీలు,
రేకు గోడను ముట్టుకుంటే పెనం.
లోపల, ప్లాస్టిక్ పట్టీలు తోసుకొని పోతే
సున్నా కింద ఇరవై రెండు.
కోడి డబ్బాలు, చేప దిమ్మెలు, పిల్లల ఐస్‌క్రీములు,
వాటి నడుమ మేం పదకొండు మందిమి,
మూతి మీద మంచు మీసాలు.
ఎడారిల ఊలు సాక్సులెందుకని
ఫోన్ల నవ్వేటోళ్లకు ఏం జెప్పాలె.

కంపెనీ ఇచ్చిన జత రెండు నెలలకే మడిమె కాడ జాలి అయితది.
చలి ఎటు వడితే అటు దూరదు,
ఆ మూలనున్న సందు దానికి ఎర్కే.

హస్త బహదూర్‌ది జుమ్లా అవతల ఏదో కొండ.
పారేసిన సైకిల్ పుల్లలు ఐదు
సిమెంటు మెట్టు మీద రాకి రాకి సూదులు చేసిండు.
సత్వాల ఐదు దిర్హములకు పాత స్వెట్టరు దొరికింది,
చిలకపచ్చది, ఎవరో లావు మనిషిది.
విప్పి ఉండ చుట్టినం.

నూలు నాకు కొత్త గాదు.
సిరిసిల్ల సాంచాల చప్పుట్ల నిద్రపోయినోణ్ణి,
చప్పుడు ఆగితే లేచి కూసున్నోణ్ణి.
తెగిన పోగు చీకట్ల అతుకుత.
గాని సాంచ మీద బట్ట సక్కగ పోతది,
ఎటూ మర్లది.
కాలు అట్ల గాదు.
పిక్క మీదికెల్లి దిగి, జరంత ఆగి,
నేల దిక్కు తిరుగుతది.
ఆ తిరిగే జాగల నేను ఆగమైన.

మొదటి సాక్సుకు మడిమె రెండు పక్కల
చిటికెన వేలు పట్టేంత బొక్క.
హస్త బహదూర్ దాంట్లకెల్లి నన్ను చూసి
"కిటికీ పెట్టినవా? ఏసీ ఎప్పుడు బిగిస్తవు?" అన్నడు.

ఆయనకొచ్చిన హిందీ, నాకొచ్చిన హిందీ కలిపితే
సగం హిందీ. ఆ సగంలనే నేర్పిండు:

వరుస చివరిదాక పోకు. ఒక కన్ను ఉండంగనే ఆగు.
పక్క కన్ను మెడకు దారం ఒక చుట్టు చుట్టు,
పీక పిసికినట్టు గాదు, తువ్వాల కప్పినట్టు.
ఎనుకకు మర్లు.
మల్ల ఇంకో కన్ను తక్కువ. మల్ల మర్లు.
పోంగ పోంగ నడిమిట్ల పదే మిగులుతయి.
ఇగ పెంచుకుంట రా.
చుట్టునూ కన్నునూ ఒక్క సూదికే ఎత్తు,
ఒకదాన్ని ఇడిస్తే అదే బొక్క.

మూల కాడ ఇంకోటుంటది, లెక్కల లేని కన్ను.
కింది వరుసను అడిగి ఒకటి పైకి తీసి,
మెలేసి, పక్కదానితోని కలిపి అల్లాలె.
"దాన్ని లెక్కవెట్టకు, గాని మర్వకు."
మా ఫోర్‌మన్‌ది ఉల్టా.
పొద్దుకు రెండుసార్లు లెక్కవెడ్తడు.

రెండోది పండ్లు బిగబట్టి అల్లిన.
బొక్క రాలే. ముడి మాత్రం బూటుల రాయి తీరు గుచ్చింది,
షిఫ్టంత కుంటిన.
మూడోది అల్లుతుండంగ ఆయనకు రాత్రి డ్యూటీ పడ్డది.
ఇప్పుడు మా ఇద్దరికీ ఒక్కటే మంచం,
ఒకరి వేడి మీద ఒకరం పండుకుంటం,
కలిసేది బస్సు మెట్ల కాడనే,
ఆయన దిగుతుంటే, నేను ఎక్కుతుంటె.

నిన్న ఆ మెట్టు మీద సాక్సు చేతికిచ్చిన.
కండ్లు ఎర్రగున్నయి, గడ్డంల ఇంకా తడి.
బొటనవేలు లోపల పెట్టి మడిమెంత తడిమిండు,
బస్సు లైటుకు అడ్డం పట్టిండు.
ఎడమ మూలన ఒక్క చుక్క,
ఆవగింజంత వెలుతురు.
ఏమనలే. నా చేతుల పెట్టి పోయిండు పండుకుందామని.

సీట్ల కూసొని పద్నాలుగు వరుసలు విప్పిన.
పక్కన కోరుట్ల పిలగాడు, వచ్చి పది రోజులు,
"మంచిగనే ఉండె గదనే, ఎందుకిప్పుతున్నవు?" అన్నడు.
"కొస పట్టుకో" అన్న.
వాడు పట్టుకున్నడు.
పచ్చ దారం వాని పిడికిట్లకు పోవుకుంట పోయింది,
గేటు కాడ కార్డులు చూపియ్యమనే దాక.