చార్టులో లేనిది

ట్రైనింగులో మాకిచ్చిన చార్టులో
అయిదు జంతువులు:
సింహం, ఏనుగు, జీబ్రా, నీటిగుర్రం, జిరాఫీ.
పైన లావు అక్షరాలతో, సఫారీ.
"అంటే ఏంది టీచరమ్మా?"
"జీపెక్కి అడివి చూసొచ్చేది."
చెప్పినాను గానీ
కళ్యాణదుర్గం బస్సు తప్ప
నేనెక్కిన బండేది?

రెండు నెలలు గుడ్ల అట్టలు దాచిపెట్టినాను.
ఒక గుంత కోస్తే ముక్కు,
రెండు గుంతలు కోస్తే చెవులు.
సింహం జూలుకు శెనక్కాయ పొట్టు.
చిరుత చార్టులో లేదు,
మా గుట్ట మీద ఉండాది కదా అని
దాన్నీ చేసి చింతపిక్కలు అతికించినాం.
బంకకని రాగిపిండి ఉడకేసుకొస్తే
తిప్పేస్వామి సగం తినేసి
"ఉప్పు ల్యాదు" అన్నాడు.

జీపు, నా పాత ఊదారంగు చీర.
కొసలు ముడేసి లోపల ఎనిమిది మంది.
డ్రైవరు శంషాద్. వాళ్ళబ్బకు ఆటో ఉంది.
పది అడుగులకొకసారి బండి నిలిపి
"ధర్మారం, ధర్మారం, ఇద్దరికి జాగా" అని కేక.
సింహానికి టికెట్టు పది చింతపిక్కలు.
తొమ్మిదిస్తే దించేస్తాది.
ఊరికే చెప్పకూడదు,
పిల్లోళ్ళకు పది దాకా లెక్క వచ్చింది
నా వల్ల కాదు.

"జీబ్రా ఎట్లరుస్తాది?"
నాకూ తెలీదు.
బొమ్మక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
"పాపం, గాడిదకు సున్నం కొట్టినారు" అని
గాడిద మాదిరే అరిచింది.
ఇంటికి పోయి ఫోన్లో వెతికి విన్నాను.
పెద్ద తేడా లేదు.

ఇంక జిరాఫీ.
పొడుగు మెడ అట్టను పైకెత్తి
"దీన్ని ఎవురన్నా చూసినారా?" అన్నాను,
ఎవురూ చూసుండరని.

అక్కులప్ప లేచి నిలబడినాడు.
జూన్ నుంచి నోరు విప్పని పిల్లోడు,
హాజరుకు కూడా చెయ్యెత్తేవాడే గానీ
పలకనివాడు.

"ఇది మా సేనికొచ్చింది."

అందరూ నవ్వినారు.
వాడు నవ్వల్యా.

"రాత్రి వచ్చింది. లైట్లేసుకోని.
మెడ పైకెత్తింది.
తెల్లార్లూ అరిచింది.
మూతి మన్నులో పెట్టింది.
తెల్ల దుమ్ము కక్కింది.
నాయన ఆ దుమ్ము సేతిలోకి తీసుకోని
వాసన చూసినాడు.
మల్లా అది మెడ పండబెట్టుకోని
ఎల్లిపాయ."

శంషాద్ చీర అంచు వదిలేసి అడిగింది:
"నీళ్ళు తాగిందా?"

"ల్యాదు.
దానికీ దొరకలా."

బయట కుక్కర్ కూత పెట్టింది.
అది మూడో బోరని నాకు తెలుసు,
ఊరందరికీ తెలుసు.
వాళ్ళమ్మ మెడలో పసుపుతాడు మాత్రమే మిగిలిందనీ తెలుసు.
నేను జిరాఫీ అట్టను
కిందికి దించాలో వద్దో తెలియక
అట్లే పట్టుకోనున్నాను.

తర్వాత వర్కుషీటు:
జంతువుకూ దాని తిండికీ గీత కలపండి.
ఏనుగుకు చెరకు,
నీటిగుర్రానికి గడ్డి,
జిరాఫీకి చెట్టు కొన.
అక్కులప్ప జిరాఫీ మూతి దగ్గర మొదలుపెట్టి
చెట్టును దాటించి
కాగితం అంచు దాటించి
నాపరాయి బండల మీద
ఎర్ర క్రేయాన్‌తో పాకుతా పాకుతా
మూలనున్న నీళ్ళ డ్రమ్ము దాకా
గీసుకుంటా పోయినాడు.
క్రేయాన్ అరిగి
వేలెడు కూడా మిగల్లా.

శనివారం సూపర్వైజరమ్మ వస్తాది.
రిజిస్టరులో ఒక గడి ఉంది, భాషాభివృద్ధి అని.
అక్కులప్ప పేరుకెదురుగా
ఇన్నాళ్ళూ ఒక అడ్డగీతే.
ఈ రోజు ఏం రాయాల్నో తోచక
వాడు చెప్పిందంతా
చెప్పింది చెప్పినట్టు రాసినాను.
గడి చాలక
పక్కన బరువు, ఎత్తు గడుల్లోకీ పోయింది.

సాయంత్రం ఆయా లాలుబీ
తడిగుడ్డతో బండలు తుడుస్తా వచ్చి
ఆ ఎర్ర గీత కాడ నిలబడి
నా మొగం చూసింది.
నేనేమీ అనలేదు.
బకెట్టు పక్కకు జరుపుకోని
అవతలి బండ నుంచి
మొదలుపెట్టింది.