మడమ గుర్తు

మోంటెవిడియో. ఐదో సెట్. తొమ్మిది – తొమ్మిది.
నది మీంచి వచ్చే గాలికి
ఎర్రమట్టి లేచి పళ్ళ మధ్య కరకరమంటోంది.

ఇర్రిగోయెన్ మావాడు. ఎడమ తొడ పట్టేసింది.
సర్వ్ చేసే ముందు
అప్పు అడగడానికొచ్చి గుమ్మంలో తచ్చాడే మనిషిలా
బంతిని నేలకు కొడుతూనే ఉన్నాడు.

అవతల హ్రుష్కా, పొడుగాటి చెక్ కుర్రాడు.
వాడు తిప్పికొట్టిన బంతి మావాడి వెనక మూలన పడింది.
"అవుట్" అంది గీత కాసే గొంతు.
స్టేడియమంతా లేచింది,
నేనూ లేచాను, చేతిలో చీపురుతో.

ఇర్రిగోయెన్ మాత్రం కుంటుకుంటూ ఆ మూలకెళ్ళి
వంగి చూశాడు,
చేతిరాత అర్థంకాని ఉత్తరం చదువుతున్నట్టు.
తర్వాత బూటు మడమతో బంతి గుర్తు చెరిపేసి
పాయింటు వాడిదే అన్నట్టు వేలు చూపాడు.

ఇంకో ఎనిమిది నిమిషాలు. ఓడిపోయాం.
ఈలలు. సీసాలు. మా బావమరిది బూతులు.

రాత్రి మట్టి మీద వల ఈడ్చుకుంటూ
కోర్టంతా చదును చేశాను.
ఆ మూల ఒక్కచోట
చుట్టూ తిరిగి వెళ్ళాను.

పొద్దున్న మేనేజరు అడిగితే
వల చిరిగిందని అబద్ధం చెప్పాను.